నలభై ఒకటి

లిఫ్టు చెడిన ఫిబ్రవరిలో
బావమరిది ఐగర్, నేనూ
సబ్‌వూఫర్‌ని ఐదంతస్తులు మోశాం.
మెట్టుకో తిట్టు.

టాలిన్ చివర, లాస్నమాయెలో,
కాంక్రీటు పలకలు అతికించి కట్టిన ఇళ్ళు మావి.
నా గోడే పక్కింటి గోడ,
నా నేలే కిందింటి కప్పు.

మొదటి పని తలుపు గడియ పెట్టుకుని చేయాల్సింది:
పెట్టెను నా కుర్చీలో కూర్చోబెట్టి
నేను నేల మీద పాకాలి.
యాభై ఎనిమిదేళ్ళ ట్రాలీబస్సు డ్రైవర్ని,
మోకాళ్ళ కింద మడిచిన తువ్వాలు,
చెవి నేలకు జానెడెత్తున.
అదే మోత
కిటికీ కింద ఎలుగుబంటి,
రేడియేటర్ పక్కన పిల్లి,
తలుపు దగ్గర అసలు లేనే లేదు.
ఒక్క గదిలో ఇన్ని గదులున్నాయని
పంతొమ్మిదేళ్ళు ఉండీ తెలుసుకోలేదు.

పుస్తకాల అరకు కాస్త ఇవతల
మోత కుదురుగా ఉంది,
పులుసులో ఉప్పు సరిపోయినట్టు.
పెట్టెను అక్కడికి జరిపాను.
నలభై ఒకటి మాత్రం
ఎంత పాకినా దొరకలేదు.

ఎనభై దగ్గర హద్దు గీశాను:
పైది చిన్న పెట్టెలకు, కిందది దీనికి.
హద్దు మీద పేచీ.
అవి తోసినప్పుడు ఇది లాగుతోంది,
రెండూ చెమటోడుస్తున్నాయి,
వినపడేది మాత్రం సున్నా.
వెనకున్న చిన్న మీటను అటు నుంచి ఇటు నొక్కాను.
అప్పటిదాకా ఎముకలే ఉన్న చెలోకి
ఒళ్ళు వచ్చింది.

ఇక మైకు, ల్యాప్‌టాపు, తెర మీద గీత.
గీతలో నలభై ఒకటి దగ్గర గుంట.
పూడ్చాలని మూడు డెసిబెల్స్ పోశాను.
ఆరు పోశాను. తొమ్మిది.
చిల్లికుండ.
పన్నెండు పోసిన రాత్రి
రేడియేటర్ గొట్టం మీద ఎవరో చెంచాతో కొట్టారు.

జినాయిదా పావ్లోవ్నా, నాలుగో అంతస్తు,
ఓడరేవు లాండ్రీలో పనిచేసి రిటైరైన మనిషి.
ఆమె ఎస్తోనియన్ కుంటుతుంది, నా రష్యన్ కుంటుతుంది,
ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసినట్టు మాట్లాడుకుంటాం.
"మంగళవారం నుంచి
నా గ్లాసులు వాటిలో అవి ఏదో చెప్పుకుంటున్నాయి," అంది.
కోపంగా లేదు. కుతూహలంగా ఉంది.

కిందికి వెళ్ళాను.
అద్దాల బీరువాలో పన్నెండు స్ఫటికపు గ్లాసులు.
ఫోన్లోంచి పైనున్న పెట్టెకు
ఒక్కో అంకె పంపుతున్నాను:
ముప్ఫై ఎనిమిది. నలభై.
నలభై ఒకటికి
మూడో వరుసలోది వణికింది,
దాన్ని చూసి పక్కది.
నా చెవికి అందట్లేదని నేను పోస్తూ పోయిందంతా
ఇదిగో, ఇక్కడికి కారుతోంది.

టేపు తీసి గది కొలిచాను. నాలుగు మీటర్ల ఇరవై.
సరిగ్గా నట్టనడుమ, రెండు గోడల అలలూ
ఒకదాన్నొకటి మింగేసే చోట,
దర్జాగా నా కుర్చీ.
గుంట గీతలో లేదు, నేను గుంటలో ఉన్నాను.

పోసిందంతా తోడేశాను.
కుర్చీని మూడడుగులు వెనక్కి లాగాను.
గుంట పోయి గుట్ట లేచింది.
గుట్టయితే ఫరవాలేదు, చెక్కొచ్చు:
ఐదు డెసిబెల్స్, సన్నగా, అక్కడొక్క చోటే.

ఆదివారం ఆమె ఉప్పులో ఊరేసిన పుట్టగొడుగులు తెచ్చింది.
కుర్చీలో కూర్చోబెట్టి చెలో పెట్టాను.
చాలాసేపు విని,
షెల్ఫు మీది చిన్న పెట్టెల్ని చూపించి
"ఈ పిట్టలకు ఇంత గొంతెక్కడిది?" అంది.
అర పక్కనున్న నల్ల పెట్టె మీద
ఆమె చేతిసంచీ ఉంది.
అదో బల్ల అనుకుంది.
నేను చెప్పలేదు.
ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆ పెట్టెకు దొరకదు.

సోమవారం తెల్లవారుజామున
మంచు తోసే బండి వీధిలోకి దిగింది.
నేల సన్నగా అదిరింది.
గొట్టం మీద చెంచా: రెండు దెబ్బలు.
దుప్పట్లోంచి చెయ్యి చాపి
నేనూ రెండు కొట్టాను,
నేను కాదు, అని.
కాసేపాగి, కింద నుంచి
ఇంకోటి వినిపించింది.